ఆక్సిజన్ తగ్గించాం

అయినా సరే, నేను ఒప్పుకోను. డాక్టరు ఆ మాట అలా వాడకూడదు. ఐసీయూ తలుపు సగం తీసి, ఆ సందులోంచి తల ఒక్కటీ బయటపెట్టి, "ఆక్సిజన్ తగ్గించాం" అని చెప్పి మళ్లీ లోపలికి వెళ్లిపోతే బయట నిలబడ్డవాళ్లు ఏమనుకోవాలి? మన భాషలో జ్వరం పోయినా తగ్గిందనే అంటాం. బిందెలో నీళ్లు అడుగంటుతున్నా తగ్గాయనే అంటాం. గొడవలో వెనక్కి జరిగినవాణ్ణి కూడా తగ్గాడనే అంటాం. వీటిలో ఆయన ఏది చెప్పినట్టు? మా ఇంట్లోవాళ్లనడిగితే తప్పంతా నాదేనంటారు. ఆయన చెప్పిన మాట పట్టుకెళ్లి వాట్సాప్‌లో పడేసింది నువ్వే కదే అంటారు. పడేశాను. లోపల ఏం జరుగుతోందో చెప్పమని పొద్దున్నించీ నా ప్రాణం తోడింది వాళ్లే కదా మరి!

లోపల ఉన్నది మా అత్తయ్య. నాన్నకి అక్క. జగ్గయ్యపేటలో ఉంటుంది. ఊరి బయట మామయ్యకి మిరప చేను ఉంది. కాయ కోసి కల్లంలో ఎండబోసిన రోజుల్లో అత్తయ్య అక్కడే కూర్చుని, కూలీలతో పాటు తనూ రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఉంటుంది. ఆ కల్లంలో దగ్గనివాళ్లు ఉండరు. అందుకే అత్తయ్యకి దగ్గు మొదలైతే ఎవరూ పట్టించుకోలేదు. ఘాటుకి అన్నారు. ఒళ్లు కాలిపోతుంటే ఎండకి అన్నారు. ఫోన్‌లో నాతో మాట్లాడుతూ మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంటే, హైదరాబాద్‌లో కూర్చున్న నేను, చదువుకున్నదాన్ని, ఏం చేశాననుకున్నారు? "మాస్క్ పెట్టుకో అత్తయ్యా" అని చెప్పి, మంచి మాస్క్ ఎక్కడ దొరుకుతుందో లింకు పంపాను. ఆవిడ ఆ లింకు నొక్కలేదు. నొక్కే ఓపిక అప్పటికే లేదని తర్వాత తెలిసింది.

ఇక ఊపిరి అందడం లేదని తేలాక మామయ్య కారు మాట్లాడి బెజవాడ బయల్దేరాడు. నందిగామ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెదాలు నీలంగా మారాయట. డ్రైవర్ హైవే దిగి, ఊళ్లో మొదట కనిపించిన పెద్ద ఆసుపత్రి ముందు ఆపేశాడు. న్యుమోనియా అన్నారు. గొంతులోకి గొట్టం వేసి, మత్తిచ్చి, వెంటిలేటర్ పెట్టారు.

నాన్న మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాడు, అమ్మ ఆయన దగ్గర ఉండాలి. కాబట్టి ఖాళీగా ఉన్నది నేనేనని ఇంట్లో తేల్చారు. నాకు ఉద్యోగం ఉంది. కానీ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగాన్ని మావాళ్లు ఇంకా ఉద్యోగం కింద లెక్కేయడం లేదు. దాని మీద గొడవపడే టైము లేక బస్సెక్కాను. బైపాస్ మీద దింపాడని కండక్టర్‌తో గొడవపడి, ఊళ్లోకి తీసుకెళ్లిన ఆటో అతనితో ఇంకో గొడవ పెట్టుకుని, ఆసుపత్రికి చేరాక చూసుకుంటే బ్యాగులో రెండు ఛార్జర్లున్నాయి, బట్టలు లేవు.

ఐసీయూ తలుపుకి చిన్న అద్దం ఉంది. దానికి ముక్కు ఆనిస్తే అత్తయ్య మంచం, పక్కన మానిటర్ కనిపిస్తాయి. నీలం రంగు అంకె ఆక్సిజన్‌దని నెట్‌లో చూసి కనిపెట్టాను. ఇక చూడండి. ఫోన్ అద్దానికి ఆనించి ఆ అంకెని ఫోటో తీయడం, దాని చుట్టూ ఎర్రగా గుండ్రంగా గీసి కుటుంబం గ్రూపులో పెట్టడం. అంకె పెరిగితే గ్రూపు నిండా దండాలు, పూలు. కాస్త దిగితే ఏడుపు ముఖాలు. మా అత్తయ్య ఊపిరి మా చుట్టాలకి క్రికెట్ స్కోరైపోయింది. కామెంటరీ నేను. "మేడమ్, ఫోటోలు తియ్యకూడదండీ" అని నర్సు వచ్చి చెప్పినప్పుడల్లా ఫోన్ దించి, ఆవిడ అటు తిరగ్గానే మళ్లీ ఎత్తేదాన్ని.

మొదట్లో ఆ అంకె వందకి దగ్గర్లో ఉండేది. ఒక పొద్దున చూస్తే తొంభై మూడు. అద్దం మీద దబదబా కొట్టాను. అప్పుడు బయటికొచ్చింది డాక్టరుగారి తల. "కంగారు పడకండి. ఆక్సిజన్ తగ్గించాం. మత్తు కూడా మెల్లగా తగ్గిస్తాం" అంది ఆ తల. ఇంకేదో అడగబోయేలోపు వెనకనుంచి ఎవరో పిలిచారు, తలుపు మూసుకుంది.

నేను నిలబడ్డచోటే టైప్ చేశాను. "అత్తయ్యకి ఆక్సిజన్ తగ్గించారంట."

దీన్ని కంచికచర్లలో చిన్నత్త, అంటే అత్తయ్య చెల్లెలు, చదివింది. పెనుగంచిప్రోలులో బాబాయ్, వాళ్లిద్దరి తమ్ముడు, కూడా చదివాడు. బాబాయ్‌కి కళ్లజోడు లేకపోతే వాక్యం మొత్తం కనపడదు. మొదటి మాట, చివరి మాట చూసుకుని మధ్యలోది ఊహించుకుంటాడు. అత్తయ్యకి, తగ్గి. ఆయనకి ఆ రెండు ముక్కలు సరిపోయాయి.

చిన్నత్త ముందు వచ్చింది. బస్సు దిగిన దగ్గర్నుంచీ ఏడుస్తూనే వచ్చినట్టుంది, వరండాలోకి వచ్చేసరికి గొంతు కూడా పోయింది.

"గాలి కూడా దండగనుకున్నారటే! మా అక్క పీల్చే గాలికి కూడా కరువొచ్చిందా వీళ్లకి!" అని నన్ను పట్టుకుని కుదిపేస్తోంది.

సరిగ్గా అప్పుడే బాబాయ్ ఆటో దిగాడు. చేతిలో లడ్డూల పెట్టె. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఒకటి పెట్టి, బెంచీ మీద కూర్చున్న వేరేవాళ్ల చుట్టాలకి కూడా తలా ఒకటి పెడుతూ నవ్వుకుంటూ వస్తున్నాడు.

"వేదాద్రి స్వామికి మొక్కుకున్నానో లేదో, మెసేజీ వచ్చేసింది! చిన్నక్కా, నోరు తెరువు."

చిన్నత్త నోరు ఎలాగూ తెరిచే ఉంది. బాబాయ్ అందులో లడ్డూ పెట్టేశాడు.

"ఛీ! ఏంట్రా ఇది?"

"లడ్డూ. పెద్దక్కకి తగ్గింది కదా!"

"తగ్గింది కాదురా సన్నాసీ, తగ్గించారు! గాలి తీసేస్తున్నారు! తోడబుట్టింది అక్కడ కొట్టుకుంటుంటే లడ్డూలు పంచుతావంట్రా, నువ్వసలు మనిషివేనా?"

బాబాయ్ చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. "ఏమే, ఏం పెట్టావు నువ్వు?"

"ఉన్నదే పెట్టా."

"ఉన్నదంటే? తగ్గిందా, తగ్గించారా?"

"ఆయన చెప్పిందే పెట్టా!"

"చెప్పినదానికి అర్థమేంటని అడగవా? ఆ ఫోన్‌కి తప్ప మనిషికి ప్రశ్న వెయ్యడం రాదా నీకు?"

అడిగేలోపు తలుపేసుకున్నాడని చెబితే ఎవరూ వినిపించుకోలేదు. ఈ సందట్లో ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం కలిసిపోయారు. బెజవాడ. "నందిగామలో ఏం వైద్యం ఉంటుంది? ఇప్పుడే తీసుకెళ్లిపోవాలి." నేను వాళ్లకంటే ముందే ఊగిపోయాను. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, నందిగామ నాకు బస్సు ఆగే ఊరే తప్ప, మనుషులు బతికి బట్టకట్టే ఊరు కాదు. కోపమొస్తే నేను చేసే పని ఒక్కటే, ఫోన్ చేయడం. చేశాను. కోదాడలో వెంటిలేటర్ ఉన్న అంబులెన్సు దొరికింది. వచ్చెయ్యమన్నాను. అప్పుడు గానీ, తీసుకెళ్తున్నామని డాక్టరుగారికి చెప్పాలన్న సంగతి గుర్తు రాలేదు.

ఆయన గదిలోకి మామయ్య, నేను వెళ్లాం. మామయ్య మాట్లాడడు. ఎవరేం చెప్పినా "చూద్దాంలే" అనే మనిషి. కాబట్టి మాట్లాడే భారం నేనే ఎత్తుకున్నాను. ఫోన్‌లో ముందే తెరిచి పెట్టుకున్న పరిశోధన పత్రాన్ని ఆయన బల్ల మీద, సాక్ష్యం పెట్టినట్టు పెట్టాను. విదేశాల్లో ఐసీయూ రోగుల మీద చేసింది. కొందరికి ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చారు, కొందరికి తగినంతలో ఆపారు.

"తగ్గిస్తే లాభమేమీ లేదని తేలింది సార్. చూడండి. మరి మీరెందుకు తగ్గించారు?"

ఆయన ఫోన్ తీసుకోలేదు. "చదివానమ్మా. ధారాళంగా ఇస్తే లాభమని తేలిందా?"

నేను చూసుకున్నాను. "తేడా లేదని ఉంది."

"అదే. రెండువైపులా తేడా కనపళ్లేదు. మీరు మీ సగమే చదివారు."

"అంటే మీక్కూడా తెలీదన్నమాట!" అన్నాను, గెలిచినట్టు.

"తెలీదు." టైమెంతని అడిగితే చెప్పినంత మామూలుగా అన్నాడు. "ఎవరికి ఎంత సరిపోతుందో ఇంకా కచ్చితంగా ఎవరికీ తెలీదమ్మా. ఇంకా చూస్తూనే ఉన్నారు. మేం చదువుకునేటప్పుడు మానిటర్ మీద వంద ఉంటే హాయిగా ఉండేది. ఎక్కువిస్తే మంచిదే కదా అనుకునేవాళ్లం. ఆ నమ్మకం ఇప్పుడు నిలబళ్లేదు. అవసరానికి మించి పంపితే ఊపిరితిత్తులకి చెరుపు కూడా జరగొచ్చు. సెలైన్ అంతే, మత్తు అంతే. ఎక్కువ పొయ్యడం తేలిక, ఎక్కడ ఆపాలన్నదే కష్టం."

"అయినా తొంభై మూడు—"

"ఈ స్థితిలో అది చాలు. ఆవిడ ఊపిరితిత్తులు కొంచెం పని అందుకున్నాయి కాబట్టే మిషన్ పని తగ్గించాం."

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "అంటే అయ్యా... తగ్గించారంటే, ఆవిడకి తగ్గిందనేనా?"

"కొంచెం తగ్గిందనే."

బయట లడ్డూ పెట్టె పట్టుకున్న మనిషిదే కరెక్టన్నమాట. ఆ అవమానం నాకు ఇప్పటికీ జీర్ణం కాలేదు.

అంబులెన్సు వస్తోందని చెప్పాను. ఆయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. "గండం ఇంకా గడవలేదమ్మా. నిన్నటికన్నా నయం, అంతే. గొట్టం ఉన్న మనిషిని ఇప్పుడు కదిపి రోడ్డు మీద వేసుకెళ్లడం ప్రమాదం. తీసుకెళ్తానంటే అడ్డుపడను, తోడుగా మనిషిని ఇచ్చి పంపిస్తా. నన్నడిగితే మాత్రం వద్దంటా."

బయటికొచ్చాం. ఇక "చూద్దాంలే" అంటాడనుకున్నాను. మామయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని అన్నాడు, "అమ్మాయ్, పురుగుమందుల కొట్టువాడు ఇంకో డబ్బా కొట్టమంటే, ఇక చాలు, ఆకు మాడుద్దని నేను చెప్పగలను. అది నా చేను. ఇది నాకు తెలీదు. మీ నాన్నేమో మంచం మీదున్నాడు. నువ్వు చదువుకున్నదానివి. నువ్వేమంటే అదే."

ఇరవై దాటిన నా జీవితంలో నా మాట ఎవరూ వినడం లేదని గొడవపడని రోజు లేదు. విన్న మొదటి రోజు ఇదా రావలసింది?

బెంచీ మీద కూర్చుని ఆ పత్రం మళ్లీ తీశాను. దేన్నీ హెడ్డింగు దాటి చదివే అలవాటు నాకు లేదు. హెడ్డింగు చదివి, కోపం తెచ్చుకుని, కింద కామెంట్ పెట్టడం వరకే నా చదువు. ఆ రోజు మాత్రం కిందదాకా చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో ఎక్కడ చూసినా "బహుశా", "కావచ్చు", "చెప్పలేం". చిట్టచివర, ఇంకా పరిశోధన జరగాలి అని ఉంది. అంతమంది డాక్టర్లు, అంతమంది రోగులు, అంత శ్రమ. తీరా చేసి మీరూ నాకే వదిలేశారా అని ఆ పత్రం మీద మండిపోయింది. కామెంట్ పెడదామంటే కింద అందుకు చోటు కూడా లేదు.

ఈలోపు అంబులెన్సు వచ్చి గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడింది. చిన్నత్త అప్పుడే అత్తయ్య చీరల సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఉంచుదాం మామయ్యా" అన్నాను.

ధైర్యం వచ్చి అన్నది కాదు. తెలీదన్న మాట మొహం మీద చెప్పినవాళ్లు ఆ రోజు మొత్తంలో ఇద్దరే, ఆ డాక్టరు, మామయ్య. నాతో సహా మిగతావాళ్లందరికీ అన్నీ తెలుసు. పైగా ఆక్సిజన్ సంగతి తెలియకపోయినా ఆ రోడ్డు సంగతి నాకు తెలుసు. లారీల మధ్య, కుదుపులకి, గొంతులో గొట్టంతో అత్తయ్యని వేసుకెళ్లడం నావల్ల కాదు.

చిన్నత్త సంచీ దించలేదు. "మా అక్కకి ఏమన్నా అయితే నీదే పూచీ. గుర్తు పెట్టుకో" అంది. ఏమన్నా అయితే నిజంగా నాదే.

డ్రైవర్‌తో గొడవ మాత్రం తప్పలేదు. "గిట్ల పిలిచి గిట్ల వద్దంటే ఎట్ల మేడమ్? పేషెంటు ఉన్నదా, లేదా?" అన్నాడు. "ఉంది! ఉంది కాబట్టే వద్దంటున్నా!" అని అరిచాను. ఆ అరుపుకి నా కళ్లల్లో నీళ్లెందుకు వచ్చాయో అతనికీ తెలీలేదు, నాకూ తెలీలేదు. బాబాయ్ వచ్చి, అతని చేతిలో డబ్బులు, వాటి మీద ఒక లడ్డూ పెట్టి పంపించేశాడు.

తర్వాత మత్తు తగ్గించారు. సినిమాల్లోలాగా కళ్లు తెరిచి నన్ను గుర్తుపడుతుందనుకున్నాను. అత్తయ్య కళ్లు తెరిచింది గానీ, ఆ కళ్లు జగ్గయ్యపేట కల్లంలో ఉన్నాయి. దుప్పటి రెండు చేతులతో పట్టుకుని మీదికి లాగుతోంది, మళ్లీ అంచు వెతుక్కుని లాగుతోంది. గొంతులో గొట్టం ఉంది కాబట్టి మాట లేదు. నర్సుకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వాన వస్తోంది, కాయల మీద పట్టా కప్పుతోంది.

డాక్టరు నన్ను లోపల కూర్చోమన్నాడు. "ఐసీయూలో ఇలా అయోమయం రావడం మామూలే. ఇంట్లోవాళ్ల గొంతు వినపడితే కొంత నయమని ఈ మధ్య గమనిస్తున్నారు. కళ్లజోడుంటే ఆవిడకి పెట్టండి. ఇది ఏ ఊరో, ఏ పూటో చెబుతూ ఉండండి. ఫోన్ మాత్రం బయట."

ఫోన్ లేకుండా రెండు చేతులతో ఏం చేయాలో నాకు మొదట తోచలేదు. ఒకటి అత్తయ్య చేతి మీద పెట్టాను. రెండోది నా ఒళ్లోనే పెట్టుకున్నాను. "అత్తయ్యా, ఇది నందిగామ. పొద్దున్న పూట" అన్నాను, ఆసుపత్రిలో మాట్లాడాల్సినంత మెత్తగా. ఆవిడ అడ్డంగా తల ఊపింది. "నందిగామ అత్తయ్యా." మళ్లీ అడ్డంగా. స్టేజీ అరిచే కండక్టర్‌లాగా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆవిడ చూపు నా మీద నిలవడం లేదు. దుప్పటి లాగడం ఆగడం లేదు. గొట్టం దగ్గరికి చెయ్యి వెళ్లబోయింది.

నా మెత్తదనం అక్కడితో అయిపోయింది. "అబ్బా, కప్పేశాం అత్తయ్యా! కాయలన్నీ కప్పేశాం! వాన లేదు, మబ్బు లేదు, కాసేపు ఊరుకుంటావా లేదా!"

నర్సు చేతిలోది కింద పడేసింది. అవతలి మంచం పెద్దాయన కళ్లు తెరిచాడు. అత్తయ్య మెల్లగా నా వైపు తిరిగింది. అంతసేపూ మెత్తగా మాట్లాడిందెవరో ఆవిడకి తెలీలేదు పాపం, మా ఇంట్లో అలాంటివాళ్లెవరూ లేరు. ఈ గొంతు తెలుసు. దుప్పటి వదిలేసి నా మణికట్టు పట్టుకుంది. అది ఎర్రగా కందిపోయేదాకా వదల్లేదు. నేనూ కదల్లేదు.

కొన్నాళ్లకి గొట్టం తీశారు. అంతా మంచం చుట్టూ చేరాం. చిన్నత్త చేతులు జోడించి నిలబడింది. అత్తయ్య బొంగురు గొంతుతో అడిగింది, "ఇది ఏ ఊరే?"

"నందిగామ అత్తయ్యా."

"బెజవాడ కాదూ?"

"కాదు."

"అంటే నువ్వు చెప్పింది నిజమేనా! ఏదో కలలో పీడిస్తున్నావనుకున్నా." తర్వాత మామయ్య వైపు చూసింది. "పక్కింటావిడకి కాలు బెణికితేనే బెజవాడ తీసుకెళ్లారు. నన్ను దారి మధ్యలో దింపేశారా?"

ఇప్పుడు జగ్గయ్యపేటలో ఉంది. గోడ పట్టుకుని వంటింటిదాకా నడుస్తుంది, మధ్యలో ఒకసారి కూర్చుంటుంది. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. కొన్ని పేర్లు మర్చిపోతోంది. నా పేరు మాత్రం మర్చిపోదు, ఎందుకంటే చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పడానికి అది కావాలి. "చావుబతుకుల్లో ఉంటే బెజవాడ కూడా తీసుకెళ్లనివ్వలేదండీ మా మేనకోడలు. అంబులెన్సు గుమ్మంలోకి వస్తే తోలేసిందంట. నందిగామలోనే సరిపెట్టేసింది." వచ్చినవాళ్లు నా వైపు అదోలా చూస్తారు. చిన్నత్త పక్కన కూర్చుని తల ఊపుతుంది. బెజవాడ వెళ్లుంటే ఇంకా ముందే లేచేదని ఆవిడ ఇంకా అంటూనే ఉంది.

కావచ్చు. నాకు తెలీదు. అత్తయ్య మందుల వల్ల బతికిందో, తగ్గించడం వల్ల బతికిందో, మిరపకాయలకి కూడా లొంగని ఆ మొండితనం వల్ల బతికిందో డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు. కానీ ఆ రోజు ఆవిణ్ణి ఆ బండి ఎక్కించి ఉంటే, దారిలో ఏం జరిగినా సరే, ఎంత తాపత్రయపడిందో పాపం అని నన్ను ఊరంతా మెచ్చుకునేది. కదపకుండా ఉంచాను, మనిషి బతికి వచ్చింది, తిట్లు తింటున్నాను. సరే, మీరే చెప్పండి. మీ మనిషి లోపల ఉండి, బయట చుట్టాలంతా ఏదో ఒకటి చెయ్యమని అరుస్తుంటే, ఏమీ చెయ్యకుండా నిలబడటం చేతకానితనమంటారా? అయితే వచ్చి నా ఎదురుగా అంటారా?